రాళ్ళేనా? రిపోర్టులో రెండో వాక్యం కూడా చదివించండి!

చేపలు బాగుచేయటం తెలిసినవాళ్ళనెవరినైనా అడిగి చూడండి. పొట్ట కోసేటప్పుడు అన్నిటికంటె జాగ్రత్తగా తీయవలసింది ఆకుపచ్చని చేదు తిత్తి అని చెబుతారు. అది చిట్లిందంటే కూరంతా చేదే! మనిషికీ అలాంటి తిత్తి ఒకటి వుంది. కుడివైపు పక్కటెముకల చాటున, కాలేయం అడుగుభాగానికి అంటుకుని, చిన్న పొడుగు వంకాయలా వుంటుంది. పొడవు 7 నుంచి 10 సెంటీమీటర్లు. అందులో పట్టే పసరు 30 నుంచి 50 మిల్లీలీటర్లు. డాక్టర్లు దీన్ని గాల్ బ్లాడర్ అంటారు. పుస్తకాల్లో పిత్తాశయం అని వుంటుంది. మనం పసరుతిత్తి అనే అనుకుందాం.

కాలేయంలో తయారైన పసరు ఈ తిత్తిలో చేరి చిక్కబడుతుంది. నెయ్యీ నూనే తగిలిన భోజనం కడుపులో పడగానే తిత్తి ముడుచుకుని ఆ పసరును పేగులోకి వదులుతుంది. దాని పని అంతే. దాన్ని తీసేసినా మనిషి హాయిగా బతకవచ్చు. కాని అందులో కేన్సర్ పుడితే మాత్రం చాలాకాలం చడీచప్పుడూ వుండదు. బయటపడేసరికి చాలామందిలో చేయిదాటిపోయి వుంటుంది. ఈలోగా దాన్ని పసిగట్టగలిగింది పొట్ట నొక్కి చూసే పరీక్ష కాదు, రక్తపరీక్షా కాదు. లోపలి బొమ్మ తీసే పరీక్షే. ఆ బొమ్మ గురించీ, దానికింద రాసే నాలుగు మాటల గురించీ ఈ వారం చెప్పుకుందాం.

‘గ్యాసే లెండి!’

యాభయ్యయిదేళ్ళ ఇల్లాలు ఒకరున్నారనుకోండి. పెళ్ళిభోజనం చేసివచ్చిన రాత్రి కుడివైపు డొక్కలో నొప్పి వచ్చింది. అది కుడిభుజం వెనక్కి కూడా పాకింది. వాము నమిలారు, సోడా తాగారు, తగ్గింది. ‘గ్యాసే లెండి’ అనుకున్నారు. ఏడాదో రెండేళ్ళో ఇలాగే గడిచాక, కోడలు పోరగా పోరగా స్కానింగుకు వెళ్ళారు. తిత్తిలో రాళ్ళున్నాయని రిపోర్టు వచ్చింది. ఇంటిల్లిపాదికీ ప్రాణం కుదుటపడింది. ‘రాళ్ళేనటండీ, మరేం లేదట. పిల్లలకు సెలవులిచ్చాక ఆపరేషన్ సంగతి చూద్దాం’ అనుకున్నారు. రిపోర్టు బీరువాలో చీరలకిందికి చేరింది.

ఆ రిపోర్టులో రాళ్ళ సంగతి మొదటి వాక్యం. దానికింద రెండో వాక్యం ఒకటి వుంది. తిత్తి గోడ ఒకచోట మందంగా వుందనీ, సి.టి. స్కాన్ తీయించి చూడవలసిందనీ. దాన్ని ఎవరూ చదవలేదు. ఈ ఇల్లాలు నేను కల్పించి చెప్పిన మనిషే. కాని ఇలాంటి బీరువాలు మన ఊళ్ళలో లేవని మాత్రం అనకండి.

ఈ కేన్సర్ ఆడవాళ్ళలో మగవాళ్ళకంటె రెండు మూడు రెట్లు ఎక్కువ. వయసు 50 దాటాక ఎక్కువగా కనిపిస్తుంది. లోకంలో అన్నిచోట్లా ఒకేలా లేదు. దక్షిణ అమెరికాలో చిలీ దేశం, మనదేశంలో గంగానది వెంబడి వున్న ఉత్తరప్రదేశ్, బీహార్, బెంగాల్ ప్రాంతాలు, అటు అస్సాం — వీటిలో దీని బెడద బాగా ఎక్కువ. కాశీలో, పాట్నాలో కేన్సర్ డాక్టర్లకు ఇది తరచు చూసే జబ్బు. దక్షిణాదిన తక్కువ. తక్కువ కావటం మన అదృష్టమే. కాని తక్కువ కనుకనే ఆ ఆలోచన కూడా మనకు తొందరగా తట్టదు. 2017లో యూరప్ వైద్య సంఘాలు పసరుతిత్తిలో పెరిగే పాలిప్‌ల గురించి సూచనలు రాసినప్పుడు, ప్రమాదం ఎక్కువ వున్నవాళ్ళలో భారతీయ సంతతివారిని ప్రత్యేకంగా పేర్కొన్నాయి. 2022లో ఆ సూచనలను సవరించి ఆసియావాసులందరినీ చేర్చాయి. కాబట్టి లండన్‌లో వున్న మన తెలుగువాళ్ళకూ ఈ కబురు పనికివస్తుంది.

రాళ్ళకూ కేన్సర్‌కూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఈ కేన్సర్ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి తిత్తిలో రాళ్ళు వుంటాయి. ఏళ్ళ తరబడి రాయి ఒరుసుకుని గోడ లోపలిపొర పుండుపడి, మానుతూ, మళ్ళీ పుండుపడుతూ వుండటంవల్ల పాడవుతుందని వైద్యుల అభిప్రాయం. టైఫాయిడ్ క్రిములు తిత్తిలో ఏళ్ళకేళ్ళు కాపురం పెట్టినవాళ్ళకూ ప్రమాదం ఎక్కువే. అయితే దీన్ని తిరగేసి భయపడకండి. రాళ్ళున్నవాళ్ళలో కేన్సర్ వచ్చేది నూటికి ఒకరికి, మహా అయితే ఇద్దరు ముగ్గురికి. రాళ్ళున్న అక్కయ్యగార్లందరూ ఈ వ్యాసం చదివి ఇవాళ రాత్రి నిద్ర మానుకోవలసిన పని లేదు.

రాయి నీడలో ఏముంది?

మొదట తీసేది అల్ట్రాసౌండ్ స్కానింగ్. ఇందులో ఎక్స్‌రే కిరణాలు వుండవు. మన చెవికి వినపడనంత సన్నని ధ్వనిని పొట్టలోకి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనితో బొమ్మ కడతారు. చీకట్లో గబ్బిలం దారి వెతుక్కునేది కూడా ఈ పద్ధతిలోనే. పసరు నీళ్ళలాంటిది కనుక నల్లగా కనిపిస్తుంది. రాయి తెల్లగా మెరుస్తుంది. ఎండలో నిలబెట్టిన స్తంభానికి నీడ పడ్డట్టు, రాయి వెనక నల్లటి నీడ పడుతుంది. పక్కకు తిరిగి పడుకోమంటారు చూశారూ, అది ఊరికే కాదు. మీరు తిరిగితే రాయి దొర్లుతుంది. గోడనుంచి పుట్టిన కండ దొర్లదు, దానికి నీడా వుండదు. చిక్కటి పసరు మడ్డి ఒక్కోసారి కంతిలాగే కనిపించి కంగారుపెడుతుంది. అదీ మెల్లగా జారుతుంది, దానిలో రక్తప్రసారం వుండదు. ఆ సంగతి డాప్లర్‌తో చూడవచ్చు.

స్కానింగుకు ముందు కనీసం 6 గంటలు ఏమీ తినవద్దంటారు. దీన్ని చాలామంది చాదస్తం కింద కొట్టిపారేస్తారు. ‘కాఫీ ఒక్క గుక్కే కదండీ!’ అంటారు. పాలు కలిసిన కాఫీ లోపల పడితే తిత్తి ముడుచుకుంటుంది. ముడుచుకున్న తిత్తికి గోడ మందంగా కనిపిస్తుంది. ఖాళీ కడుపున మామూలు గోడ మందం 3 మిల్లీమీటర్లకు మించదు. ఒక్క గుక్క కాఫీతో లేని జబ్బు వున్నట్టు కనిపించవచ్చు, వున్నది ముడతల్లో దాక్కోనూవచ్చు. తాగివుంటే దాచకుండా చెప్పండి. మర్నాడు రమ్మంటారు, అంతేగా!

కేన్సర్ ఈ బొమ్మలో మూడు వేషాల్లో కనిపిస్తుంది. ఎక్కువమందిలో తిత్తి వుండవలసిన చోట తిత్తే వుండదు. ఆ స్థానమంతా ఒక కంతి ఆక్రమించి, కాలేయంలోకి చొచ్చుకునిపోయి వుంటుంది. మధ్యలో ఎక్కడో ఒక రాయి చిక్కుకుని కనిపిస్తుంది. దీన్ని గుర్తుపట్టటం కష్టం కాదు, కాని అప్పటికే ఆలస్యమైపోయి వుంటుంది. రెండోది, గోడనుంచి లోపలికి పెరిగిన కండ. మూడోది గోడ మందం కావటం. అన్నిటికంటె మోసగించేది ఈ మూడోదే. ఎందుకంటారా? గోడ మందం కావటానికి సవాలక్ష కారణాలు. డెంగీ జ్వరంలో మందమవుతుంది. కాలేయపు వాపులో, గుండె నీరసించినప్పుడు, మూత్రపిండాల జబ్బులో, పొట్టలో నీరు చేరినప్పుడు — అన్నిటా మందమవుతుంది. వీటిలో గోడ చుట్టూతా సమానంగా ఉబ్బుతుంది. ఒకేచోట, ఎగుడుదిగుడుగా, పొరలు చెరిగిపోయి, కాలేయానికీ గోడకూ మధ్య గీత కనపడకుండా పోతే అనుమానించాలి.

ఆ గీత గురించి ఒక ముక్క. పేగు గోడకు వున్నన్ని పొరలు పసరుతిత్తి గోడకు లేవు. కాలేయానికి ఆనుకున్న వైపున పైపొర కూడా లేదు. కనుక గోడలో పుట్టిన కేన్సర్ కాలేయంలోకి నడవటానికి అడ్డుగోడలు తక్కువ. ఈ జబ్బు ఇంత త్వరగా ముదరటానికి ఇదొక కారణం.

ఇక రాళ్ళ మాట. తిత్తి నిండా రాళ్ళు కిక్కిరిసినప్పుడు ముందువరస రాళ్ళు తెల్లని విల్లులా కనిపించి, వెనక అంతా నీడ కమ్మేస్తుంది. ఆ నీడలో వెనకగోడ ఎలా వున్నదీ చూసే మనిషికి కనపడదు. కేన్సర్‌తో స్నేహం చేసే రాయే దాన్ని దాచిపెడుతుందన్నమాట! అందుకని ‘గోడ సరిగా కనపడలేదు’ అని రిపోర్టులో రాస్తే, గోడ బాగుంది అని అర్థం కాదు. నిజాయితీగా కనపడలేదని రాసిన రేడియాలజిస్టును మెచ్చుకోవాలి, ఆ తరవాత ఇంకో పరీక్షకు వెళ్ళాలి.

పాలిప్ అంటే గోడకు పులిపిరిలా అంటుకున్న చిన్న కండ. చాలావాటిలో వుండేది కొవ్వే, హాని చేయవు. కొలత ముఖ్యం. 10 మిల్లీమీటర్లు, ఆ పైన వుంటే తిత్తిని తీసేయటమే మంచిదని అందరూ ఒప్పుకున్న మాట. 6 నుంచి 9 వరకు వుంటే వయసు 60 దాటిందా, కాడ లేకుండా గోడకు బల్లపరుపుగా అతుక్కుని వుందా అన్నవి చూసి నిర్ణయిస్తారు. ఇందాక చెప్పుకున్నట్టు మన జాతి కూడా లెక్కలోకి వస్తుంది. అంతకంటె చిన్నదైతే కత్తి మాట ఎత్తనక్కరలేదు. 6 నెలలకు, ఏడాదికి, రెండేళ్ళకు మళ్ళీ స్కాన్ చేసి పెరిగిందేమో చూడటమే. ఇలా మళ్ళీ చూడటానికి పాత రిపోర్టు వుండాలి కదా! అది చీరలకింద కాకుండా ఒక కవరులో పెట్టండి.

గోడ మందాన్ని చూసి ఒక్కో డాక్టరు ఒక్కో మాట రాయకుండా, అనుమానానికి 0 నుంచి 5 వరకు అంకెలు వేసే పద్ధతి ఒకటి 2022లో వైద్యపత్రికలో అచ్చయింది. చండీగఢ్ పి.జి.ఐ. రేడియాలజిస్టులు పూనుకుని, పలుదేశాల నిపుణులను కూర్చి తయారుచేశారు. అదే సంవత్సరం ఆ సంస్థవారూ, ఢిల్లీ ఐ.ఐ.టి.వారూ కలిసి, స్కానింగు బొమ్మల్లో ఈ కేన్సర్‌ను కంప్యూటర్ చేత గుర్తుపట్టించే ప్రయత్నాన్ని ప్రకటించారు. మంచిదే. కాని రిపోర్టు విప్పి చదివే పని మాత్రం ఇంకా మనదే.

అనుమానం వస్తే?

పెద్దవయసు పాఠకులకు పాతరోజుల పరీక్ష గుర్తుండవచ్చు. రాత్రి మాత్రలు మింగించి, పొద్దున ఎక్స్‌రే తీసేవారు. 1924లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో గ్రాహం, కోల్ అనే ఇద్దరు డాక్టర్లు పసరుతో కలిసి తిత్తిలో చేరే మందును నరానికి ఎక్కించి మొదటిసారి తిత్తిని ఎక్స్‌రేలో చూపించారు. ఆ తరవాత మాత్రలు వచ్చాయి. ఆ పరీక్షలో కనిపించేది తిత్తి లోపలి ఖాళీ. రాయి వుంటే ఆ చోట మచ్చపడేది. గోడ సంగతి తెలిసేది కాదు. బాగా చెడిన తిత్తిలోకి మందు చేరేదే కాదు కనుక ఏమీ కనిపించేది కాదు! ఇప్పుడు గోడనే చూడగలుగుతున్నాం. తేడా అక్కడే.

అల్ట్రాసౌండ్‌లో అనుమానం తగిలితే తరవాతి మెట్టు, నరానికి మందు ఎక్కించి తీసే సి.టి. స్కాన్. తిత్తిలో ఏముందన్నది ఒక్కటే కాదు, కేన్సర్ ఎంతదూరం వెళ్ళిందన్నది ఇందులో తేలుతుంది. కాలేయంలో ఎంతమేర దిగింది, అక్కడి పెద్ద రక్తనాళాలను చుట్టిందా, లింఫ్ గ్రంథులు ఉబ్బాయా, పక్కనున్న పేగును పట్టిందా, కాలేయంలో వేరేచోట మచ్చలున్నాయా, పొట్టలో నీరుందా — ఇవన్నీ చూసే సర్జన్ ఆపరేషన్ సాధ్యమా కాదా తేల్చుకుంటారు. దీనికి వెళ్ళేముందు క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. మూత్రపిండాల జబ్బు వున్నా, ఇదివరకు ఏ మందైనా పడక దద్దుర్లు వచ్చినా, షుగరుకు మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి.

పసరు నాళాల సంగతి తెలియటానికి ఎం.ఆర్.ఐ.తోపాటు ఎం.ఆర్.సి.పి. అనే పరీక్ష వుంది. సూది గుచ్చకుండానే నాళాలన్నీ చెట్టుకొమ్మల్లా కనిపిస్తాయి, ఏ కొమ్మ దగ్గర అడ్డుపడిందో తెలిసిపోతుంది. పెట్ స్కాన్ అన్నిటికంటె ఖరీదైనది గనుక అన్నిటికంటె గొప్పదనుకుంటారు. అది చక్కెరను ఎక్కువగా తినే కణాలను వెలిగించి చూపిస్తుంది. దూరాన ఎక్కడైనా పాకివుంటే పట్టిస్తుంది. కాని చీముపట్టి వాచిన తిత్తి కూడా అందులో అలాగే వెలుగుతుంది. కాబట్టి ముందే దానికోసం పట్టుపట్టకండి, అవసరమైతే డాక్టరే రాస్తారు.

‘అంత అనుమానం వుంటే సూది గుచ్చి ముక్కతీసి చూడరాదా?’ అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. ఆపరేషన్‌కు లొంగేలా కనిపిస్తే సాధారణంగా గుచ్చరు. సూది వెళ్ళిన దారి వెంట కేన్సర్ కణాలు చిందే ప్రమాదం వుంది. ఆపరేషన్‌కు వీలులేదని తేలితే, మందులు మొదలుపెట్టటానికి ముందు రుజువు కావాలి కనుక అప్పుడు గుచ్చుతారు. దీన్నిబట్టి ఒక ఇబ్బంది వుందని మీరు గ్రహించే వుంటారు. బొమ్మనే నమ్మి పెద్ద ఆపరేషన్‌కు దిగాలి. బొమ్మ ఒక్కోసారి పొరపడుతుంది. పాతబడిన వాపుల్లో ఒకరకం అచ్చంగా కేన్సర్‌లాగే గోడను మందంచేసి కాలేయానికి అంటుకుంటుంది. ఎంత అనుభవం వున్నవాళ్ళయినా ముందుగా విడమరచి చెప్పలేకపోవచ్చు. కాలేయం ముక్కతో సహా తీసేశాక, కేన్సర్ కాదని రిపోర్టు వస్తుంది. అప్పుడు కొందరు ‘అనవసరంగా కోశారు’ అని డాక్టరుమీద విరుచుకుపడతారు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే ఇంట్లో నలుగురూ కూర్చుని డాక్టరుచేత చెప్పించుకుంటే ఆ గొడవ వుండదు. నన్నడిగితే, కాదని తేలిన రోజున స్వీట్లు పంచుకోవాలి.

పచ్చకామెర్లకు పసరుమందు

ఇది చెప్పకపోతే ఈ వ్యాసం రాసీ లాభం లేదు. కళ్ళు పచ్చబడగానే మన ఊళ్ళలో మొదట గుర్తొచ్చేది పసరుమందు. కొన్నిచోట్ల చేతిమీద వాతలు కూడా పెడతారు. నీళ్ళవల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు మందుకు వస్తుంది. అందుకే దానిమీద అంత నమ్మకం. కాని నాళం మూసుకుపోయి వచ్చే కామెర్లు వేరు. వీటిలో ఒళ్ళంతా దురద, మూత్రం కషాయంలా ముదురు రంగు, మలం సున్నం కలిపిన మట్టిలా తెల్లన. ఆకలి చచ్చిపోయి మనిషి చిక్కిపోతాడు. నలభై యాభై దాటినవాళ్ళకు ఇలా వస్తే నాళానికి అడ్డం రాయైనా కావచ్చు, కంతైనా కావచ్చు. ఏది అడ్డుపడినా పసరుమందుకు కరగదు. మండలం రోజుల పథ్యం అయ్యేలోపల, ఆపరేషన్ చేయగలిగిన కొద్దిమంది కూడా చేయలేని గుంపులోకి జారిపోతారు. ఆ వారంలోనే స్కానింగు చేయించండి.

ఇంకో సంగతి. కామెర్లు తగ్గించటానికి నాళంలో సన్నని గొట్టం వేస్తారు. దాన్నే స్టెంట్ అంటారు. వీలైనంతవరకు సి.టి., ఎం.ఆర్.ఐ. బొమ్మలు ఆ గొట్టం వేయకముందే తీయించాలి. వేశాక ఆ చుట్టుపక్కల వాపు వచ్చి బొమ్మ కలగాపులగమవుతుంది. జ్వరం, చలి వచ్చి ప్రాణంమీదికి వస్తే మాత్రం ముందు గొట్టమే. ఆ నిర్ణయం డాక్టరుది. మీరు చేయవలసింది ‘బొమ్మలన్నీ తీశారా అండీ?’ అని ఒక్క మాట అడగటం.

మరి రాళ్ళున్న ప్రతివాళ్ళూ ఆపరేషన్ చేయించుకోవాలా? నొప్పి వస్తూంటే చేయించుకోవాలి. నొప్పి లేకుండా ఏదో పరీక్షలో అనుకోకుండా కనిపిస్తే సాధారణంగా తొందర లేదు. చిలీ దేశంలో బెడద ఎక్కువ కనుక 35 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసువారికి రాళ్ళుంటే ముందుజాగ్రత్తగా తిత్తి తీసేసే ఏర్పాటు 2006లో ప్రభుత్వమే పెట్టింది. మనకు అంత అవసరం కనపడదు. అయితే రాయి 3 సెంటీమీటర్లు దాటినా, గోడకు సున్నం పట్టినా, పాలిప్ 10 మిల్లీమీటర్లున్నా నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు.

ఇంత చూసినా, బొమ్మలో ఏమీ అనుమానం లేకుండా రాళ్ళకని తీసిన తిత్తిలో ఎప్పుడో ఒకసారి కేన్సర్ బయటపడుతుంది. అలా బయటపడినవాటిలో లోపలి పొర వరకే వున్నది దొరికితే, తిత్తి తీయటంతోనే జబ్బు వదిలినట్టే. కండపొరలోకి దిగివుంటే మళ్ళీ పిలిచి కాలేయం అంచునూ, గ్రంథులనూ తీస్తారు. అందుకు ఆలస్యం చేయకూడదు. ఇది తెలియాలంటే తీసిన తిత్తిని పేథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూడాలి.

ఆపరేషన్ అయ్యాక రాళ్ళను చిన్న సీసాలో వేసి ఇంటివాళ్ళకిస్తారు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, ‘ఎంతెంత వున్నాయో చూడండి’ అని ఆశ్చర్యపోతాం. ఆ సీసా చేతికిచ్చేటప్పుడు, ‘తిత్తిని బయాప్సీకి పంపారా అండీ, రిపోర్టు ఎప్పుడొస్తుంది?’ అని అడగండి. పంపకపోతే పంపమనండి. రిపోర్టు వచ్చే తారీకు కేలండర్ మీద రాసుకుని, కుట్లు విప్పించుకోవటానికి వెళ్ళినరోజున అడిగి తీసుకోండి. అందులోనూ చివరి వాక్యం దాకా చదివించుకోండి.